వడ్డీ లేని సొరకాయ

ఆ ఆటో వెనక అద్దం మీద ఎర్ర స్టిక్కరుతో 'తబితా' అని ఉంటుంది. తబితా జకర్యా భార్య. ఆటో మాత్రం రామ్‌చందర్‌ది.

సంగతి తెలియని పాసింజర్లు "సొంత బండేనా అన్నా?" అని అడుగుతారు. "అవ్, మనదే" అంటాడు జకర్యా. అబద్ధం ఆడాలని కాదు. పదకొండేళ్లు ఒకే బండి తోలితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. దాని బ్రేకు ఎప్పుడు మొండికేస్తుందో, ఏ గుంత దగ్గర ఎడమ చక్రం మూలుగుతుందో ఆయనకు తెలుసు. రామ్‌చందర్‌కు తెలిసింది ఒక్కటే, రోజుకు మూడు వందల కిరాయి. వానపడ్డా, పాసింజరు దొరక్కపోయినా, జకర్యాకు జ్వరమొచ్చి బండి ఇంటి ముందు నిలబడ్డా మూడు వందలు. రామ్‌చందర్ చెడ్డవాడేం కాదు. పక్క తండాలో మిర్చి, పత్తి వేసుకునే రైతు. ఒక ఏడాది మిర్చికి మంచి రేటొస్తే ఆటో కొని కిరాయికి ఇచ్చాడు. ఆ ఆలోచన ఆయనకు వచ్చింది, జకర్యాకు రాలేదు. అంతే తేడా.

ఇల్లందు బస్టాండు నుంచి గుండాల వైపు అడవిలోకి పోయే రోడ్డు జకర్యాది. సంతరోజు ఆ ఆటోలో చింతపండు బుట్టలు, చీపురు కట్టలు, కాళ్లు కట్టిన కోళ్లు ఎక్కాక మిగిలిన జాగాలో మనుషులు ఎక్కుతారు. కోయ ముసలమ్మలు తమ భాషలో ఆయన్ని ఏదో అని నవ్వుతారు. ఆయనకు సగమే అర్థమవుతుంది గానీ నవ్వడం మాత్రం పూర్తిగా నవ్వుతాడు.

ఇంత మంచి మనిషికి డబ్బు నిలవదు. తాగుడు లేదు, పేకాట లేదు, అయినా నిలవదు. ఎవరో వచ్చి దవాఖానా అంటారు, ఇచ్చేస్తాడు. ఎవరో పెళ్లంటారు, ఇచ్చేస్తాడు. ఒకసారి బామ్మర్ది జయరాజ్ ఫోనులో ఏదో యాప్ చూపించి, "రోజింత పెడితె నూరు రోజుల్ల డబుల్ బావా" అంటే అందులోనూ పెట్టాడు. నెల దాటీ దాటకముందే యాపే మాయమైంది.

"ఏమాయె, డబుల్ కాలేదా?" అంది తబితా.

"అయింది. నాదీ పోయింది, వానిదీ పోయింది."

ఇలా నవ్వులతో గడిచిపోయేదే. కానీ మూడున్నరేళ్ల కింద తబితాకు టైఫాయిడ్ ముదిరి ఇల్లందు దవాఖానాలో చేర్చిన రోజు ఆయన దగ్గర ఉన్నది ఆటో ట్యాంకులో పోసిన డీజిల్ మాత్రమే. గిరిగిరి ఫైనాన్స్ వాడి దగ్గరికి పరుగెత్తాడు. గిరిగిరి అంటే పొద్దున ఇచ్చి, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆటో అడ్డా దగ్గరికే వచ్చి వసూలు చేసుకునే అప్పు. ఇచ్చేటప్పుడే వడ్డీ కోసుకుని ఇస్తారు. పదివేలని రాయించుకుంటే చేతికి వచ్చేది పదివేలు కాదు, తిరిగి కట్టేది మాత్రం పూర్తిగా పదివేలు.

ఇంటికొచ్చాక, ఇంకా నీరసం తగ్గని తబితా బియ్యం కడగడానికి కూర్చుని మొగుణ్ని పిలిచింది.

"ఇటు రా. ఏం చేస్తున్ననో చూడు."

ఆయన చూశాడు. ఆమె చేటలో బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసింది. వాళ్ల చర్చిలో ఆడవాళ్లందరి అలవాటే అది. వండే ప్రతి పూటా దేవునికి పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం గుడ్డసంచిలో పోసి తీసుకెళ్తారు.

"రోజూ చేసేదే గదనే."

"అవ్, రోజూ చేసేదే. వండి తిన్నంక మిగిలింది తీద్దామంటె ఎన్నడన్న మిగులుతదా?"

"మనింట్లనా? ఎట్ల మిగులుతది?"

"అందుకే కడగక ముందే తీస్త. ఆ పిడికెడు తీసినమని ఏ పూటన్న నువ్వు ఆకలితోటి లేచినవా?"

జకర్యా కుండ వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. ఎవరెన్ని చెప్పినా ఎక్కని బుర్రకు ఆ పిడికెడు బియ్యం ఎక్కింది.

మర్నాటి నుంచి తొలి ట్రిప్పు డబ్బులు ఆయనవి కావు. అడ్డాలో అందరూ బోణీ డబ్బులు కళ్లకద్దుకుని అదే జేబులో వేసుకుంటారు, పదకొండు గంటలకల్లా అవి టీ, మిర్చిబజ్జీ అయిపోతాయి. జకర్యా మాత్రం బోణీని హ్యాండిల్ కింద కట్టుకున్న రేకు డబ్బాలో వేయడం మొదలుపెట్టాడు. డబ్బా నిండితే పోస్టాఫీసుకు పోవాలి. ఊళ్లో పోస్టాఫీసంటే సుజన వాళ్లింటి ముందరి గదే. ఆ అమ్మాయే పోస్టుమాస్టరు, జకర్యాకు వరసకు అన్న కూతురు. టేబుల్ మీద తూకం, ముద్రలు, వేలిముద్ర మిషను, ఓ మూల వాళ్ల నాన్న ఎండబెట్టిన మిరపకాయలు.

"ఆర్డీ కడ్త బిడ్డా" అన్నాడు.

"నెలకెంత బాబాయ్?"

"ఎంత మిగిలితె గంత."

"మిగిలింది నాకొద్దు. నెలకింతని చెప్పాలె. అయిదేండ్లు కట్టాలె. అది సరే, గిరిగిరి బాకీ ఇంకెంతుంది?"

"నీకెందుకు గది?"

"వాడు గుంజే వడ్డీ నేనిచ్చే వడ్డీకి ఎన్ని రెట్లుంటదో ఎరుకేనా? ఇక్కడ దాస్కుంట అక్కడ కట్టుడంటె చిల్లి బకెట్ల నీళ్లు పోసుడే. ముందు అది సాఫ్ చేసి రా. తర్వాత దవాఖానాకని కొన్ని మామూలు ఖాతాల పెట్టుకో, ఎప్పుడంటె అప్పుడు తీసుకునేటట్టు. అయ్యి ఉంటెనే ఆర్డీ ముట్టకుండ ఉంటవు."

"మరి టీవీల సిప్పు సిప్పు అంటున్నరు గద, ఫండ్లంట. అండ్ల ఎక్కువొస్తదంట?"

"రావొచ్చు. తగ్గొచ్చు గూడ. మార్కెట్ పడితె మనయీ పడతయ్. అయిదారేండ్లు ముట్టననుకున్న పైసలైతెనే అండ్ల పెట్టాలె. నువ్వు ముందు అయిదు రోజులు ముట్టకుండ ఉండు, చూద్దాం."

జకర్యా నొచ్చుకోలేదు. నిజమే కదా. నాలుగు నెలల్లో గిరిగిరి తీర్చి, ఆపైన నెలకు రెండు వేలు కట్టడం మొదలుపెట్టాడు. ఎండాకాలంలో బీడీ ఆకు కోసే జనంతో బండి కిటకిటలాడితే ఎక్కువొచ్చేది, వానాకాలంలో వాగు పొంగి రోడ్డు తెగితే తక్కువొచ్చేది. ఏ నెలా ఆగలేదు.

మూడేళ్లు దాటాక ఒక రోజు రామ్‌చందర్ అడ్డాకు వచ్చాడు.

"జకర్యా, బండి అమ్ముతున్న. బోరు ఏస్తున్న, పైసలు గావాలె. ఇల్లందు పిలగాడొకడు ఒక్కసారే మొత్తం ఇస్తనంటున్నడు. కాని ఇన్నేండ్లు తోలింది నువ్వు. నిన్నడగకుంట ఇస్తె నాకు తిన్నది ఒంటబట్టది."

"ఎంతకు?"

"లక్షా ముప్పై. డెబ్బై ముందియ్యి. మిగిలిన అరవై ఏడాదిల, నెలకు అయిదు వేలు. రెండు నెలలు కట్టకుండ ఆగినవనుకో, బండి నాదే. బుధవారం దాటితె వానికిస్త."

జకర్యా ఆటోను నేరుగా సుజన ఇంటి ముందు ఆపాడు. అయిదేళ్ల ఆర్డీని మూడేళ్లు దాటాక ముందే మూయొచ్చు, కాకపోతే వడ్డీ తగ్గించి ఇస్తారని ఆమె చెప్పింది. డెబ్బై అయిదు వేల దాకా వస్తుంది.

"మూయాల్నా, వద్దా?"

"నన్నడుగుతవేంది? ఇప్పుడు కిరాయి నెలకు ఎంతైతంది?"

"తొమ్మిది వేలు."

"బండి కొంటె ఏడాది దాక?"

"అయిదు వేలు."

"ఆ తర్వాత?"

జకర్యా వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. పదకొండేళ్లలో ఆ కిరాయితో ఎన్ని ఆటోలు వచ్చేవో ఆ క్షణంలో లెక్క తట్టింది.

"తగ్గే వడ్డీ జూసి ఏడ్వకు. మంగళవారం వచ్చి పైసలు తీస్కపో. డెబ్బై ఆయనకు. మిగిలిన అయిదు పేరు మార్పిడికి, ఇన్సూరెన్సుకు. దాన్ల చెయ్యి పెట్టినవో, చూడు మల్ల" అంది సుజన.

మధ్యలో ఆదివారం ఒకటి ఉంది. అది కోత పండుగ ఆదివారం.

కోత పండుగ రోజు చర్చికి పోతే సంతలోకి వచ్చినట్టే ఉంటుంది. ఎవరి తొలిపంట వాళ్లు తెస్తారు. వరి కంకులు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు, తట్ట నిండా కోడిగుడ్లు, ఏదీ పండనివాళ్లు ఒక కొబ్బరికాయ. ప్రార్థన అయ్యాక అన్నిటికీ వేలంపాట పెడతారు. పది రూపాయల వంకాయలు వందకు పోతాయి. అది సరుకు రేటు కాదు, భక్తి రేటు. కొంత భక్తి, కొంత పంతం. ఏది ఎంతో ఎవరూ విడదీయరు.

జకర్యా ఆ పాటలో పేరుమోసినవాడు. ఏటా ఏదో ఒకటి ఆయన నోటి వెంట పెద్ద అంకెకు పోవాల్సిందే. ఈసారి మాత్రం వెనక బల్ల మీద కూర్చున్నాడు, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని. కోళ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. ఆయన నోరు మెదపలేదు. తబితా ఆడవాళ్ల వైపు నుంచి రెండుసార్లు తిరిగి చూసింది, మూడోసారి నవ్వింది కూడా.

అప్పుడు సంఘపెద్ద ఒక సొరకాయ పైకెత్తాడు.

"ముత్యాలమ్మగారి పందిరి సొరకాయ! సర్కారు పాట యాభై!"

"వెయ్యి!" అన్నాడు జయరాజ్, ముందు బల్ల మీంచి. బొగ్గుబావిలో పర్మినెంటు ఉద్యోగం, ఇస్త్రీ చొక్కా, చేతికి ఫోనులాంటి గడియారం. అందరూ అబ్బో అన్నారు. జయరాజ్ వెనక్కి తిరిగి, "ఏం బావా, కిరాయి బండికి బ్రేకు పడ్డదా?" అన్నాడు.

చర్చి చర్చంతా నవ్వింది. పాస్టరు అయ్యగారు కూడా నవ్వారు.

"రెండు వేలు" అన్నాడు జకర్యా. చేతులు తొడల కిందే ఉన్నాయి. నోటికి తొడలు లేవు.

"రెండున్నర!"

"మూడు!"

"నాలుగు బావా!"

"అయిదు!"

"అయిదున్నర!"

"ఆరు వేలు!"

జయరాజ్ రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. "నీకే బావా, తీస్కపో." చప్పట్లు మోగాయి. సొరకాయ తెచ్చి చేతిలో పెట్టాక గానీ జకర్యాకు ఏం చేశాడో తెలియలేదు.

ఇంటికొచ్చాక తబితా ఆ సొరకాయను కత్తిపీట పక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"దీన్ని వండాల్నా, బీరువాల పెట్టాల్నా?"

"దేవుని పనికే గదనే..."

"దేవునికి నేను పూటపూటా పిడికెడు పెడుతనే ఉన్న. నువ్వు పాడింది దేవునికి గాదు, నీ మీసానికి."

జకర్యా చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. మళ్లీ దించేసుకున్నాడు.

చర్చి పాటకు డబ్బు అక్కడికక్కడే కట్టనక్కరలేదు. వచ్చే కోత పండుగ దాకా గడువుంటుంది. కాకపోతే కట్టేదాకా ప్రతి ఆదివారం బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదువుతారు. జకర్యా చిన్నప్పుడు వాళ్ల నాన్న పేరు అలా చదివేవారు. ఒక డబ్బా పల్లీలకు పాడి, కూలికి పోయే మనిషి కట్టలేక, ఏడాదంతా ఆ పేరు మైకులో వచ్చింది. పక్కన కూర్చున్న పిల్లవాడు నాన్న ముఖం చూడలేక చాప పుల్లలు పీకేవాడు. అందుకని జకర్యా తన పేరు ఒక్క ఆదివారం కూడా చదవనివ్వలేదు. ఏటా మరుసటి ఆదివారంలోపే కట్టేస్తాడు. ఎక్కణ్నుంచి? గిరిగిరి వాడి దగ్గర్నుంచి.

మంగళవారం డబ్బు తీసుకోవడానికి వెళ్తే సుజన మొదటి మాటే అడిగింది. "సొరకాయ పైసలు ఎక్కడియ్యి?"

"ఈ పైసల నుండి తియ్యనులే. గిరిగిరి తెస్త."

"చర్చి వడ్డీ అడుగుతదా బాబాయ్?"

"ఛీ, దేవుడు వడ్డీ అడుగుడేంది?"

"గడువు?"

"వచ్చే పండుగ దాక."

"అంటె వడ్డీ లేని బాకీ, ఏడాది టైముంది. దాన్ని కట్టెతందుకు రోజు వడ్డీకి తెస్తవు. ఎన్నేండ్ల నుండి చేస్తున్నవ్ గిట్ల?"

జకర్యా మిరపకాయల వైపు చూశాడు.

"రోజూ గిరిగిరి వానికి కట్టుకుంట రామ్‌చందర్ కిస్తీ యాడికెళ్లి కడ్తవు? రెండు నెలలాగితె బండి ఆయనదే గద. డెబ్బై వేలిచ్చి మల్ల కిరాయికే తోలుతవా?"

"పేరు సదువుతరు బిడ్డా." చాలా చిన్న గొంతుతో అన్నాడు.

సుజన నోట్లు రెండోసారి లెక్కపెట్టి, ఆయన వైపు జరిపింది. "సదవనియ్యి బాబాయ్. ఉన్న బాకే గద సదివేది."

బుధవారం డబ్బు ఇచ్చేశాడు. తాళంచెవి ఎలాగూ పదకొండేళ్లుగా జకర్యా దగ్గరే ఉంది. ఇవ్వడానికి ఇంకేమీ లేక రామ్‌చందర్ కాగితాలిచ్చి, సంతకాలు పెట్టి, టీ తాగించాడు. దారిలో సుజన ఎదురైతే జకర్యా హారన్ కొట్టి మరీ ఆపాడు.

"బండి నాదైంది బిడ్డా! ఏడాది పోతె కిరాయి లేదు, కిస్తీ లేదు!"

"మరి ఆ పైసలేం చేస్తవ్?"

"తింట!"

"సగం తిను. బండి ఏమన్న బంగారమా? రోజింత అరుగుతది. ఇంకో బండికని ఇప్పటినుండే మల్ల ఆర్డీ పెట్టు. ముసలితనానికని కొంత, అప్పుడు నువ్వడిగిన ఫండ్ల ముచ్చట మాట్లాడుకుందాం. అన్నీ ఒక్క దాంట్లనే పెట్టకు."

శనివారం సాయంత్రం అడ్డా దగ్గర గిరిగిరి వాడి మోటారు సైకిలు ఆగింది. ఎవరూ పిలవలేదు, తనే వచ్చాడు.

"ఏం జకర్యా, కోత పండుగైంది గద. నువ్వు రాలేదేంది? నేనే తెచ్చిన." బ్యాగులోంచి నోట్లు తీసి ఆటో సీటు మీద పెట్టాడు. చూశారా, పండుగ తారీఖు వాడికి కూడా గుర్తుంది.

ఆ నోట్లు అక్కడ ఉన్నంతసేపూ జకర్యాకు మైకు గొంతు వినిపిస్తూనే ఉంది. చెయ్యి చాచాడు. ముట్టుకున్నాడు. కట్ట సరిచేసి వాడి బ్యాగులోనే పెట్టేశాడు.

"ఈ ఏడు వద్దన్నా."

"పేరు సదువుతరు మరి?"

"అవ్. సదువుతరు."

ఆదివారం ప్రకటనలప్పుడు సంఘపెద్ద కాగితం తీశాడు. కోడికి ఒకరు, గుడ్ల తట్టకు ఒకరు. చివరి పేరు దగ్గర ఆగి, కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు. ఆ పేరు అక్కడ ఉండటం ఆయనకూ కొత్తే.

"జకర్యా... సొరకాయ... ఆరు వేలు."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. జకర్యా చెవులు మండిపోతున్నాయి. కూర్చోలేక లేచి నిలబడ్డాడు.

"అవ్ పెద్దయ్యా, నాదే. నెలకు అయిదొందలు కడ్త. వచ్చే పండుగకు సాఫ్."

"కూసోరా, నిన్ను లేవమన్నదెవరు?"

అందరూ గొల్లుమన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి ముత్యాలమ్మ గొంతు లేచింది. "అది సరే గాని అల్లుడా, ఆరు వేలు పెట్టి కొన్నవ్, కూరెట్లుందో చెప్పు!"

"ముదిరింది అత్తా!"

ఈసారి అయ్యగారు నవ్వాపుకోలేక మైకు పక్కకు తిప్పుకున్నారు. జకర్యా కూర్చున్నాడు. అంతకు మించి ఏమీ కాలేదు. ప్రార్థన నడిచింది, కానుక సంచి వచ్చింది, పక్కనున్నాయన ఎప్పటిలాగే కునుకు తీశాడు.

బయట ఆటో దగ్గర జయరాజ్ నిలబడి ఉన్నాడు. గడియారం వైపు చూసుకుంటున్నాడు గానీ టైము చూడటం లేదు.

"బావా, ఆ రోజు నువ్వు ఆరనకపోతె నేను ఖతమయ్యేవాణ్ని. అకౌంట్ల ఐదొందలు గూడ లేవు. బండి ఈఎంఐ, టీవీ ఈఎంఐ, ఈ గడియారం ఈఎంఐ. జీతం పడ్డనాడే పోతది."

"మరెందుకు పాడినవ్ రా?"

"నువ్వు పాడుతవని."

జకర్యా బామ్మర్దిని కిందినుంచి పైదాకా చూశాడు. తిడదామనుకున్నాడు, తిట్టు దొరకలేదు. వెనక సీట్లో కూర్చున్న తబితా చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిరిగిరి గూడ ఉందా?"

జయరాజ్ బండి చక్రాన్ని చెప్పుతో తన్నాడు.

"ఎన్ని?"

జయరాజ్ దగ్గరికి వంగి బావ చెవిలో చెప్పాడు. జకర్యా ఈల వేయబోయి, చర్చి ముందున్నానని గుర్తొచ్చి ఆగాడు.

"ఎక్కు. సుజన దగ్గరికి పోదాం."

"ఆదివారం పోస్టాఫీసు ఉండది గద బావా."

"సుజన ఉంటది. తిట్టెతందుకు ఆదివారమైనా పర్వాలేదు. నువ్వెక్కు జల్దీ" అన్నాడు జకర్యా. తబితా లోపలికి జరిగి తమ్ముడికి చోటిచ్చింది.